గూటికి చేరితేనే గెలుపు

బెల్జియంలో ఆంట్వెర్ప్ దగ్గర బెర్లార్ అని ఒక ఊరు. అక్కడ పుట్టిన రెండేళ్ళ ఆడ పావురం ‘న్యూ కిమ్’ 2020 నవంబరులో 16 లక్షల యూరోలకు అమ్ముడుపోయింది. అప్పటి మారకంలో దాదాపు 14 కోట్ల రూపాయలు. వేలం పాట మొదలైంది 200 యూరోల దగ్గర. మారుపేర్లతో పాడుతున్న ఇద్దరు చైనావాళ్ళు ఆఖరి అరగంటలోనే ఒకరి మీద ఒకరు పోటీపడి 2,80,000 యూరోలు పెంచారు. అంతకు ఏడాదిన్నర ముందు, 2019 మార్చిలో, ‘అర్మాండో’ అనే మగ పావురం 12.5 లక్షల యూరోలు పలికితే, ఇక ఆ ధర దాటే పక్షి ఇప్పట్లో రాదనుకున్నారు. 2013లో ‘బోల్ట్’కు 3,10,000 యూరోలు వచ్చినప్పుడు కూడా ఇదే మాట అన్నారు. పరుగుల వీరుడు ఉసేన్ బోల్ట్ పేరే దానికి పెట్టారు.

ఈ ధరల వెనక చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇంత పెట్టి కొన్న పావురాన్ని మళ్ళీ ఆకాశంలోకి వదలరు. వదిలితే అది కొన్నవాడి ఇంటికి రాదు, పుట్టిన గూటికి పోతుంది. ఎన్నేళ్ళు మంచి మేత పెట్టినా ఆ బుద్ధి పోతుందన్న నమ్మకం లేదు. అందుకే కొన్న పావురాన్ని జాలి గదిలో ఉంచి పిల్లలు తీయిస్తారు. కొత్త ఇంట్లో పుట్టిన ఆ పిల్లలే ఆ ఇంటికి తిరిగొస్తాయి, పందేలకు పోయేవీ అవే. ఏ గుణం చూసి కోట్లు పోస్తున్నారో ఆ గుణమే ఆ పక్షికి ఆకాశం లేకుండా చేస్తోంది. పావురాల పందేల రికార్డుల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించేది ఈ విషయం.

ముందు వచ్చినది గెలవదు

పందెం నియమం కొత్తవాళ్ళకు వింతగా ఉంటుంది. పోటీకి దిగిన పావురాలన్నిటినీ బుట్టల్లో పెట్టి, లారీలో వందల కిలోమీటర్లు తీసుకెళ్ళి, ఒకేచోట ఒకేసారి వదులుతారు. బయలుదేరే చోటు అందరికీ ఒకటే, చేరే చోటు మాత్రం ఎవరి గూడు వారిది. ఒకరి ఇల్లు 300 కిలోమీటర్ల దూరంలో ఉంటే మరొకరిది 320లో ఉండవచ్చు. కాబట్టి ముందు ఇల్లు చేరినదాన్ని కాక, నిమిషానికి ఎక్కువ మీటర్లు ఎగిరినదాన్ని గెలిచినట్టు లెక్కిస్తారు. ఒకప్పుడు పందేనికి ముందు పావురం కాలికి రబ్బరు ఉంగరం తొడిగేవారు. పక్షి గూట్లోకి రాగానే యజమాని ఆ ఉంగరం తీసి, సీలు వేసిన గడియారంలో వేసేవాడు. ఇప్పుడు కాలికి చిప్ ఉంటుంది, గూటి గుమ్మం మీద కాలు పెట్టగానే సమయం నమోదవుతుంది. పావురం వచ్చి ఇంటికప్పు మీద కూర్చుని లోపలికి దిగకపోతే గెలిచిన పందెం కూడా చేజారిపోతుంది. అందుకే మంచి పెంపకందారు ఎగరడం కన్నా ముందు పిలవగానే గూట్లోకి దిగడం నేర్పుతాడు. మేత డబ్బా గలగలలాడించడం, ఈల వేయడం అందుకే.

గాలి అనుకూలంగా లేకపోయినా గంటకు 70, 80 కిలోమీటర్ల వేగం హోమర్ (గూటికి తిరిగొచ్చే) పావురానికి మామూలే. వెనక నుంచి గాలి తోస్తే మాట వేరు. 1965 మే 8న ఇంగ్లండులోని ఈస్ట్ క్రాయిడన్ నుంచి 1,428 పావురాలు ఎగిరిన పోటీలో గెలిచిన వేగం గంటకు 177 కిలోమీటర్లు. ఆ రోజు వీచిన బలమైన గాలికి కూడా అందులో వాటా ఉంది.

దూరం విషయంలో అంత గట్టిగా మాట్లాడలేం. 1845లో ఆఫ్రికా నైరుతి తీరంలో ఓడ మీంచి వదిలిన పావురం 55 రోజులకు లండన్‌లోని గూటికి మైలు దూరంలో చచ్చి పడిందనీ, అది డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్‌దనీ రికార్డు పుస్తకాలు రాశాయి. సూటిగా లెక్కిస్తే 8,700 కిలోమీటర్లు. వినడానికి బాగుంటుంది కానీ నేను దీన్ని రికార్డుగా ఒప్పుకోను. అన్ని రోజులూ అది ఎక్కడుందో, మధ్యలో మరో ఓడ ఎక్కిందో ఎవరు చూశారు? నా దృష్టిలో ఏటా జరిగే బార్సిలోనా పందేనికే ఎక్కువ విలువ. స్పెయిన్‌లో వదిలితే బెల్జియం, నెదర్లాండ్స్, జర్మనీ గూళ్ళకు చేరాలి. వెయ్యి కిలోమీటర్లు, అంతకు మించి కూడా. వేలాది పావురాలు ఎగురుతాయి, ప్రతి రాకా గడియారంలో పడుతుంది. ఆ దూరాన్ని ఒక్క పగటిలో ముగించడం చాలావాటికి సాధ్యం కాదు. చీకటి పడితే ఎక్కడో వాలి, తెల్లవారాక మళ్ళీ ఎగిరి వస్తాయి.

నెల రోజుల్లో నిండు పక్షి

పావురం రెండు గుడ్లు పెడుతుంది. పగటి పొద్దులో ఎక్కువసేపు మగది పొదిగితే, సాయంత్రం నుంచి మర్నాటి పొద్దుటి దాకా ఆడది పొదుగుతుంది. 17, 18 రోజులకు పిల్లలు వస్తాయి. వాటికి తొలి రోజుల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ పాలిస్తారు. గొంతు సంచి లోపలి పొర నుంచి ఊరే, పెరుగుముద్ద లాంటి ఆహారం అది. పక్షుల్లో ఈ శక్తి పావురాల జాతికీ ఫ్లెమింగోలకూ మగ ఎంపరర్ పెంగ్విన్లకూ మాత్రమే ఉంది. ఆ పాల బలంతో పిల్ల నెల తిరిగేసరికి పెద్ద పక్షి అంత అవుతుంది. పుట్టిన వారానికే కాలికి అతుకు లేని ఉంగరం తొడుగుతారు. ఆలస్యమైతే వేళ్ళు పెరిగి ఉంగరం ఎక్కదు. ఎక్కాక పాదం పెరిగితే మళ్ళీ ఊడదు. పావురానికి పుట్టిన ధ్రువపత్రం అదే.

పందెం పక్షిని తయారు చేయడంలో బెల్జియం వాళ్ళది ఒక పాత పద్ధతి. జతను వారమంతా విడదీసి ఉంచి, పందేనికి పంపేముందు కాసేపు ఒకదాన్నొకటి చూడనిస్తారు. ఆ జంట కోసం అది రెక్కలు తెగేలా ఎగిరి వస్తుంది. గుడ్లు పొదుగుతున్నప్పుడో, గూట్లో పసికూనలు ఉన్నప్పుడో ఆడ పావురాన్ని పంపినా ఇలాగే ఎగురుతుందంటారు. ఇది న్యాయమా అని అడిగితే నేను పూర్తిగా సమాధానపడలేను. ఆ పక్షికి గూటి మీదున్న ప్రేమ నిజమైనదనడానికి మాత్రం ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

పావురాల పెంపకాన్ని శాస్త్రంగా చూసిన ఇద్దరిని ఇక్కడ తలచుకోవాలి. అక్బరు కొలువులో 20,000కు పైగా పావురాలు ఉండేవనీ, చక్రవర్తి తానే జాతులను కలిపి కొత్త రకాలు తీయించేవాడనీ ‘అయినీ అక్బరీ’లో అబుల్ ఫజల్ రాశాడు. ఆ వ్యాసంగానికి అక్బరు ఇష్క్‌బాజీ (ప్రేమ క్రీడ) అని పేరు పెట్టుకున్నాడు. ఇక చార్లెస్ డార్విన్ స్వయంగా పావురాలు పెంచి, లండన్‌లో రెండు పావురాల సంఘాల్లో చేరాడు. 1859లో వచ్చిన ఆయన మహా గ్రంథం మొదటి అధ్యాయంలోనే పావురాలు కనిపిస్తాయి. రాతప్రతి చదివిన ఒక సంపాదకుడు, మిగతాదంతా పక్కనపెట్టి పావురాల మీద మాత్రమే పుస్తకం రాయమని సలహా ఇచ్చాడు. పావురాలంటే అందరికీ ఇష్టం కదా అన్నది ఆయన వాదన.

కబురు లేకుండానే కబురు చెప్పిన వింకీ

1942 ఫిబ్రవరి 23. నార్వే వైపు నుంచి తిరిగి వస్తున్న బ్రిటన్ బ్యూఫోర్ట్ విమానం ఉత్తర సముద్రంలో కూలిపోయింది. నలుగురు మనుషులు గడ్డకట్టించే నీళ్ళ మధ్య చిక్కుకున్నారు. తామెక్కడున్నారో చెప్పే దారి లేదు. విమానంలో ఉన్న ‘వింకీ’ అనే ఆడ పావురం నూనె అంటుకున్న రెక్కలతో 120 మైళ్ళు ఎగిరి స్కాట్లండులో డండీ పక్కనున్న తన గూటికి చేరింది. దాని కాలికి ఏ కబురూ లేదు. యజమాని గుర్తుపట్టి వైమానిక దళానికి చెప్పాడు. వాళ్ళు విమానం కూలిన సమయం, పక్షి చేరిన సమయం, గాలి వాలు, రెక్కలకంటిన నూనె వల్ల తగ్గిన వేగం అన్నీ లెక్కగట్టి, సముద్రంలో వెతకాల్సిన చోటు తేల్చారు. నలుగురూ బతికారు.

యుద్ధంలో జంతువుల సాహసానికి గుర్తుగా బ్రిటన్‌లో డికిన్ పతకం 1943లో పుట్టింది. ఆ డిసెంబరులో మొదటిసారి అందుకున్న మూడు జీవుల్లో వింకీ ఒకటి. మిగతా రెండూ పావురాలే. 1949 దాకా ఆ పతకం 18 కుక్కలకూ 3 గుర్రాలకూ ఒక పిల్లికీ దక్కితే, పావురాలకు 32 దక్కాయి. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో మిత్రరాజ్యాల సేనలు దిగిన తొలి వార్తను ఇంగ్లండుకు మోసుకొచ్చిన ‘గుస్తావ్’ వాటిలో ఉంది. 5 గంటల 16 నిమిషాలు, ఎదురుగాలి. 1943 అక్టోబరులో ఇటలీలోని ఒక ఊరిపై తమ విమానాలే బాంబులు వేయబోతుండగా, ఊరు మన చేతికొచ్చింది ఆగమని 20 మైళ్ళను 20 నిమిషాల్లో ఎగిరి చెప్పిన అమెరికా పావురం ‘జీఐ జో’ కూడా ఉంది. అది ఆ తరవాత డెట్రాయిట్ జంతుప్రదర్శనశాలలో 18 ఏళ్ళ వయసు దాకా బతికింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక కాలు తెగి, ఒక కన్ను పోయి కూడా కబురు చేర్చిన ‘షేర్ అమీ’ని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఇప్పటికీ చూడవచ్చు. అది ఆడదా మగదా అన్న వందేళ్ళ తగవు 2021లో డీఎన్ఏ పరీక్షతో తీరింది. మగదే.

తీరని చిక్కు ఒకటి మిగిలింది. ఇంగ్లండులోని సర్రేలో ఒక ఇంటి పొగగొట్టంలో 1982లో పావురం ఎముకలు బయటపడ్డాయి. కాలికి ఎర్రని గొట్టం, అందులో అయిదేసి అక్షరాల చొప్పున 27 గుంపుల రహస్య లిపి. రెండో ప్రపంచ యుద్ధం నాటిది. 2012లో ఆ కబురు బ్రిటన్ గూఢలిపి నిపుణుల చేతికి వెళ్ళింది. సంకేత పుస్తకం లేకుండా దాన్ని విప్పలేమని వాళ్ళు తేల్చారు.

సైన్యం బయట కూడా పావురాలు చాలా పనులు చేశాయి. 1850లో జర్మనీలోని ఆఖెన్‌కూ బ్రస్సెల్స్‌కూ మధ్య టెలిగ్రాఫ్ తీగ లేని ఖాళీని రాయిటర్ అనే వ్యాపారి పావురాలతోనే పూడ్చి వార్తా వ్యాపారం నిలబెట్టాడు. 1897లో న్యూజీలాండ్‌లో గ్రేట్ బారియర్ దీవి నుంచి ఆక్లండుకు పావురాల టపా నడిచింది. దానికి ప్రత్యేకంగా స్టాంపులు కూడా వేశారు. 1908లో తీగ రావడంతో అది ఆగింది. తీగ అన్నిచోట్లా గెలవలేదని వందేళ్ళ తరవాత తెలిసింది. 2009లో దక్షిణాఫ్రికాలో ఒక సంస్థ ‘విన్‌స్టన్’ అనే పావురం కాలికి 4 జీబీ కార్డు కట్టి సుమారు 80 కిలోమీటర్ల దూరానికి పంపింది. కార్డు చేరి కంప్యూటర్‌లోకి ఎక్కడానికి పట్టింది 2 గంటల 6 నిమిషాలు. ఆ లోపు ఇంటర్నెట్‌లో చేరింది అందులో 4 శాతం.

దారి ఎలా తెలుసు

పావురం సూర్యుణ్ణి బట్టి దిక్కు తెలుసుకుంటుందని ముందే కనిపెట్టారు. మబ్బు రోజున కూడా తిరిగొస్తుంటే మరేదో ఉందని తేలింది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం కీటన్ 1971లో పావురాలకు చిన్న అయస్కాంతాలు అంటించి వదిలాడు. ఎండ రోజున బాగానే వచ్చాయి, మబ్బు రోజున దారి తప్పాయి. ఇటలీలో పాపీ అనే శాస్త్రవేత్త బృందం వాసనలే దారి చూపుతాయంది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు జీపీఎస్ కట్టి చూస్తే, అలవాటైన చోట్ల పావురాలు రోడ్ల వెంట ఎగురుతూ కూడళ్ళ దగ్గర మలుపు తీసుకోవడం కనిపించింది.

కీటన్‌కే అంతుపట్టనిది జెర్సీ హిల్. విశ్వవిద్యాలయం గూళ్ళకు పడమరగా వంద కిలోమీటర్లు దాటాక ఉన్న కొండ అది. అక్కడ కార్నెల్ పావురాలను ఎప్పుడు వదిలినా తలో దిక్కుకు పోయేవి. వేరే గూళ్ళ పావురాలు మాత్రం అక్కణ్నుంచే సరిగ్గా ఇంటికి పోయేవి. ఏళ్ళ తరబడి ఇదే తంతు, ఒక్క రోజు తప్ప. 1969 ఆగస్టు 13న మాత్రం కార్నెల్ పావురాలు కూడా నేరుగా ఇంటి దారి పట్టాయి. నలభై ఏళ్ళు దాటాక, 2013లో, జాన్ హాగ్‌స్ట్రమ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఒక కారణం చెప్పాడు. మన చెవికి అందని అతి తక్కువ పౌనఃపున్యపు ధ్వనులు నేల నుంచి పుడుతూ ఉంటాయి, పావురం తన ఇంటి చుట్టూ ఉన్న నేల ధ్వనిని గుర్తుపట్టి వస్తుంది, గాలి పొరల వల్ల ఆ ధ్వని జెర్సీ హిల్‌కు చేరదు, ఆ ఒక్క రోజున వాతావరణం మారి చేరింది అన్నాడు. 1997 జూన్ 29న బ్రిటన్ పావురాల సంఘం శతజయంతి పందెంలో ఫ్రాన్స్‌లోని నాంట్ నుంచి వదిలిన 60,000 పైచిలుకు పావురాల్లో వేలకు వేలు మాయమవడానికి కూడా ఆయన ఇదే కోవలో జవాబు చెప్పాడు. అవి సముద్రం దాటే వేళకు అదే దారిన పోయిన కాంకార్డ్ విమానం చేసిన విస్ఫోట ధ్వని వాటి చెవులను చెదరగొట్టిందట. శాస్త్రవేత్తలందరూ దీన్ని ఒప్పుకోలేదు. అన్ని సిద్ధాంతాల్లోనూ జెర్సీ హిల్ ముడి విప్పడానికి ఇంత దగ్గరగా వచ్చినది మాత్రం ఇదేనని నా అభిప్రాయం.

మనుషుల మోసాలు

డబ్బు చేరిన చోట మోసం చేరింది. 2017లో చైనాలో షాంగ్‌చ్యూ నుంచి షాంఘైకి జరిగిన పందెంలో ఇద్దరు మనుషులు తమ పావురాలకు రెండు ఊళ్ళలోనూ గూళ్ళు అలవాటు చేశారు. పందెంలో వదలగానే అవి దగ్గరున్న గూటికే పోయాయి. అక్కణ్నుంచి పాల డబ్బాల అట్టపెట్టెల్లో దాచి, బుల్లెట్ రైలెక్కించి షాంఘై తెచ్చారు. మొదటి నాలుగు స్థానాలూ వాటివే. పక్షి అంత త్వరగా రాదు కదా అని అనుమానం వచ్చి కూపీ లాగితే నేరం బయటపడింది. కోర్టు శిక్ష వేసింది. సాక్ష్యం దొరక్కుండా వాళ్ళు ఆ పావురాలను చంపేశారు. నన్ను బాధపెట్టింది మోసం కన్నా ఆ చావులే. 2013లో బెల్జియం పావురాల నమూనాలు 20 పరీక్షిస్తే ఆరింటిలో మందులు దొరికాయి, ఒకదానిలో కొకైన్.

తైవాన్ సముద్ర పందేలు ఇంకా ఘోరం. ఏడాది నిండని పావురాలను ఓడల్లో తీసుకెళ్ళి నడి సముద్రంలో వదులుతారు. జూదం సొమ్ము కోట్లలో ఉంటుంది, తిరిగొచ్చే పావురాలు పిడికెడు. వాలడానికి నేల లేని చోట అలసిన పక్షి నీళ్ళలో పడవలసిందే. ఇలాంటి పందెంలో వచ్చిన గెలుపును రికార్డని రాయడానికి నాకు చేయి రాదు.

మన చుట్టుపక్కల

1936 దాకా విశాఖపట్నం జిల్లాలో భాగమైన కోరాపుట్‌లోనే ఒడిశా పోలీసుల పావురాల టపా 1946లో మొదలైంది. సైన్యం ఇచ్చిన 200 పావురాలతో, తీగా రోడ్డూ లేని కొండ ప్రాంతాల ఠాణాల మధ్య కబుర్ల కోసం పెట్టారు. 1948 ఏప్రిల్ 13న సంబల్‌పూర్‌లో ఉన్న నెహ్రూ కటక్ సభ ఏర్పాట్ల గురించి పంపిన కబురును పావురమే తెచ్చింది. 1982 వరదల్లోనూ 1999 పెనుతుపానులోనూ మిగతా సాధనాలన్నీ మూగబోయినప్పుడు ఈ పక్షులే పనికొచ్చాయి.

పందేలకు దేశంలో పేరు చెన్నైది, బెంగళూరుది. ఉత్తర చెన్నై పేటల్లో మేడల మీద గూళ్ళు కనిపిస్తాయి. ధనుష్ నటించిన 2015 నాటి తమిళ సినిమా ‘మారి’ కథలో ఈ పావురాలకు పెద్ద చోటుంది. హైదరాబాద్ పాతబస్తీలో నడిచే కబూతర్‌బాజీ వేరు. అక్కడ దూరం కన్నా, ఇంటి మీదే గంటల తరబడి ఎత్తున ఎగరడం గొప్ప.

2023 మేలో ముంబయిలో కాళ్ళకు రెండు ఉంగరాలతో ఒక పావురం దొరికింది. రెక్కల మీద చైనా లిపి లాంటి రాతలు. చైనా గూఢచారి అన్న అనుమానంతో కేసు పెట్టి, పశువుల ఆసుపత్రిలో ఎనిమిది నెలలు బోనులో ఉంచారు. తీరా అది తైవాన్ పందేల పావురమని తేలింది. 2024 జనవరిలో వదిలేశారు. ఎనిమిది నెలలు ఆ పక్షి చేసిన నేరం దారి తప్పడం ఒక్కటే.

కాలికి ఉంగరమున్న పావురం మీ మేడ మీద వాలితే భయపడకండి, కబుర్ల కోసం రెక్కలు విప్పి వెతకకండి. అది అలసి ఆగిన పందెం పక్షి. వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పెట్టండి, జొన్నలో గోధుమలో శనగలో చల్లండి. అన్నం, రొట్టె వద్దు. పిల్లికీ కుక్కకూ అందకుండా చూడండి. ఉంగరం మీద దేశం లేదా సంఘం అక్షరాలు, పుట్టిన సంవత్సరం, వరుస సంఖ్య ఉంటాయి. వాటిని రాసుకుంటే యజమానిని పట్టుకోవచ్చు. చాలావరకు ఆ అవసరం కూడా రాదు. ఒకటి రెండు రోజులు తిండీ విశ్రాంతీ దొరికితే అదే లేచిపోతుంది. ఎగరగలిగిన రోజున దాన్ని ఆపకండి.